హైస్కూలు పిల్లలకు వీడియో తీయడం నేర్పడం ఎలా: నాలుగు ఫోన్లు, పది వారాలు, రెండు నిమిషాల సినిమా

ఈ పద్ధతి ఎనిమిది, తొమ్మిది తరగతుల కోసం. పదో తరగతి వాళ్లను కలపకండి, షూటింగ్ రోజున సగం మంది స్పెషల్ క్లాసులో ఉంటారు. వారానికి ఒకసారి, వరసగా రెండు పీరియడ్లు అడిగి తీసుకోండి. ఒక్క పీరియడే అయితే ఫోన్లు పంచి, జట్లను బయటికి తీసుకెళ్లి, మళ్లీ లోపలికి తెచ్చేసరికే గంట కొట్టేస్తారు. దసరా సెలవుల తర్వాత మొదలుపెట్టి సంక్రాంతి లోపు ముగించుకుంటే మంచిది. వాన భయం తక్కువ, పొద్దుటి వెలుతురు మెత్తగా ఉంటుంది.

లెక్క ఇలా వేసుకోండి. తరగతిలో 40 మంది ఉంటే ఐదుగురేసి 8 జట్లు, 4 ఫోన్లు. మొదటి పీరియడ్‌లో నాలుగు జట్లు తీస్తుంటే మిగతా నాలుగు జట్లు కాగితం పని చేస్తాయి. రెండో పీరియడ్‌లో మారతాయి. పది వారాల చివర ప్రతి జట్టు చేతిలో రెండు నిమిషాల సినిమా ఒకటి ఉండాలి, అందులో మాటలు దాదాపు ఉండకూడదు. రెండు నిమిషాలేనా అని పిల్లలు పెదవి విరుస్తారు. సగటున నాలుగు సెకన్లకో షాట్ మారినా అందులో 30 షాట్లు పడతాయి. వాటిని సరిగ్గా తీయడానికి ఒక పూట మొత్తం పడుతుంది. ఐదు నిమిషాలకు ఒప్పుకున్నారా, ఎడిటింగ్ సగంలో ఆగిపోవడం ఖాయం.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి

నాలుగు స్మార్ట్ ఫోన్లు. ఇళ్లలో మూలన పడున్న పాతవైనా పరవాలేదు, కెమెరా బాగుంటే చాలు. సిమ్ తీసేయండి, ఎవరి సొంత ఫోటోలూ ఖాతాలూ అందులో ఉండకుండా రీసెట్ చేయండి. ఒక్కోదానిలో కనీసం 10 జీబీ ఖాళీ ఉండాలి. బడిలో ఫోన్ల వాడకానికి ప్రధానోపాధ్యాయుల అనుమతి కాగితం మీద తీసుకోండి. ఏ ఫోను ఎప్పుడు ఎవరి చేతికి వెళ్లిందో రాసే రిజిస్టరు ఒకటి పెట్టండి. ఫోను పోయిందంటే తరగతి ఆ రోజే ఆగిపోతుంది.

ఫోను బిగించే హోల్డర్ ఉన్న ట్రైపాడ్‌లు రెండు. మిగతా రెండు జట్లకు ఇటుకలు, బల్లలు, ఇసుక నింపిన నీళ్ల సీసాకు రబ్బరు బ్యాండ్లు సరిపోతాయి.

వైరున్న కాలర్ మైకులు రెండు. కొనేటప్పుడు జాక్ మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. మూడు గీతలు ఉంటే ఫోనుకు పనికొస్తుంది. రెండే ఉంటే అది కెమెరాకు చేసిన మైకు. ఫోను దాన్ని గుర్తించకుండా తన సొంత మైకుతోనే రికార్డు చేసుకుపోతుంది, ఆ సంగతి వినేదాకా తెలియదు. కొత్త ఫోన్లలో గుండ్రటి జాక్ రంధ్రమే ఉండదు, వాటికి టైప్ సి మైకు కావాలి. మైకు సరైనదే అయినా కొన్ని ఫోన్ల కెమెరా యాప్ దాన్ని పట్టించుకోదు. అప్పుడు ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్ వేసి, సెట్టింగ్స్‌లో బయటి మైకును ఎంచుకోండి.

ఇవి కాక రెండు థర్మాకోల్ షీట్లు, ఒక పవర్ బ్యాంకు, వైరు హెడ్‌ఫోన్లు, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు, నాలుగు పలకలు, సుద్దముక్కలు. క్లాప్ బోర్డు కొనకండి, దాని పని పలక చేసిపెడుతుంది.

నాలుగు ఫోన్లలోనూ ఒకే సెట్టింగ్ ఉండాలి: బొమ్మ స్పష్టత 1080పి, వేగం సెకనుకు 30 ఫ్రేములు (బొమ్మలు). 4కే వద్దు. ఆ ఫైళ్లను బడి కంప్యూటర్లు మోయలేవు.

మొదటి వారం: అట్టముక్క కెమెరా

ఈ వారం ఫోన్లు బీరువాలోనే ఉంటాయి. ప్రతి పిల్లకూ పిల్లాడికీ పోస్టుకార్డంత అట్టముక్క ఇచ్చి, మధ్యలో 8 సెం.మీ. వెడల్పు, 4.5 సెం.మీ. ఎత్తు కిటికీ కోయించండి. టీవీ తెర కొలత నిష్పత్తి 16:9 సరిగ్గా ఇదే. ఒక కన్ను మూసి ఆ కిటికీలోంచి చూడమనండి. చెయ్యి చాచి చూస్తే కొంచెమే కనబడుతుంది, కంటికి దగ్గరగా తెస్తే గదంతా కనబడుతుంది. క్లోజప్పుకీ వైడ్‌కీ తేడా ఒక్క మాట చెప్పకుండానే చేతికి తెలిసిపోతుంది.

తర్వాత మధ్యాహ్న భోజనం దగ్గరికి తీసుకెళ్లండి. అక్కడ జరిగేదాన్ని ఐదు చట్రాల్లో చూసి, తిరిగొచ్చి ఐదు గళ్లలో పుల్లబొమ్మలు గీయాలి. బొమ్మ బాగుండక్కర్లేదు. పక్క జట్టు వాళ్లు ఆ ఐదు బొమ్మలు చూసి ఏం జరిగిందో చెప్పగలగాలి, పరీక్ష అదొక్కటే. మొదటిసారి అందరూ ఐదు గళ్లలోనూ దూరం నుంచి కనబడే వరసనే గీస్తారు. మీరు అడగాల్సింది ఇది: ‘ఆకలి ఎక్కడ కనబడింది?’ అప్పుడు ఒకరు పళ్లెం అంచు మీద తాళం వేస్తున్న వేళ్లు గీస్తారు, ఇంకొకరు గరిటె వైపు చాచిన మెడ గీస్తారు. ఈ కోర్సు మొత్తంలో మీరు వెతుకుతున్నది ఆ చూపునే. అది ఫోను చేతికొచ్చాక నేర్పడం కష్టం. ఫోను చేతిలో ఉంటే పిల్లలు తెరను చూస్తారు, ఎదుట ఉన్నదాన్ని చూడరు.

రెండో వారం: షాట్లు, ఖాళీ ముఖం

వైడ్, మిడ్, క్లోజప్ మూడే నేర్పండి. వైడ్ చోటు చెబుతుంది, మిడ్ పని చెబుతుంది, క్లోజప్ మనసు చెబుతుంది. ఓవర్ షోల్డర్, సజెషన్ వగైరా పేర్లు అవసరం వచ్చినప్పుడు వాటంతటవే వస్తాయి. ఇరవై పేర్లు బోర్డు మీద రాసి బట్టీ పట్టిస్తే పరీక్షకు పనికొస్తాయేమో గానీ సినిమాకు రావు.

తర్వాత ఈ ప్రయోగం. నటించడం రాదనే పిల్లాణ్ని కూర్చోబెట్టి, ఏ భావమూ లేకుండా ఎదురుగా చూడమని పది సెకన్లు తీయండి. విడిగా మూడు షాట్లు తీయండి: ఖాళీ పళ్లెం, ఉయ్యాల్లో కదులుతున్న చిన్న చెయ్యి, గోడ మీద దండ వేసిన ఫోటో. దండ ఫోటో కోసం దేశనాయకుల పటం తీయకండి, పిల్లలు నవ్వేస్తారు. ముఖం చూడగానే గుర్తుపట్టలేని పాత ఫోటో కావాలి. ఇప్పుడు ముఖం, పళ్లెం, మళ్లీ అదే ముఖం. ఇలా మూడు వరసలు అతికి, మూడు జట్లకు ఒక్కో వరస విడివిడిగా చూపించి, ‘వాడికి ఏమనిపిస్తోంది?’ అని చీటీ మీద రాయించండి. ఒక జట్టు ఆకలి అని, ఒక జట్టు మురిపెం అని, ఒక జట్టు దిగులు అని రాస్తుంది. ముఖం మాత్రం ఒక్కటే. సుమారు వందేళ్ల కింద రష్యాలో లేవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఇవాన్ మొజూహిన్ అనే నటుడి ముఖంతో చేసి చూపించినది ఇదే. అర్థం రెండు షాట్ల మధ్య పుడుతుందని పిల్లలు ఆ చీటీలు చదివినప్పుడు నమ్ముతారు. ఇక ఆ తర్వాత నటులు అతిగా ఏడవడం సగం తగ్గుతుంది.

మూడో వారం: ఒక పని, ఐదు షాట్లు

ఇప్పుడు ఫోన్లు ఇవ్వండి. చేతులతో చేసే పని ఒకటి ఎంచుకోవాలి: పూలు కట్టడం, ఇస్త్రీ, టీ కాయడం, సైకిల్ పంక్చర్ వేయడం. మాట్లాడే మనిషి వద్దు, పని చేసే మనిషి కావాలి. షాట్లు ఐదే: చేతులు, ముఖం, చేతులూ ముఖమూ కలిసి, భుజం వెనక నుంచి, ఎవరూ ఊహించని కోణం ఒకటి.

పంక్చర్ పని దీనికి అన్నిటికన్నా బాగుంటుంది. టైరు విప్పడం, ట్యూబు లాగడం, గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచడం, బుడగలు రావడం, గరుకు కాగితంతో రుద్దడం, సొల్యూషన్ పూయడం, ముక్క అతికించడం. మొదలూ చివరా ఉన్న కథ అందులో ఉంది. బుడగ కనబడే క్షణం దాకా ఎదురుచూపు కూడా ఉంది.

దుకాణం దగ్గర పిల్లలు ఏమనాలో ముందే అనిపించండి. ‘తాతా, మేం హైస్కూల్లో తొమ్మిదో తరగతి. మీరు పని చేస్తుంటే ఒక అరగంట వీడియో తీసుకుంటాం. తీయమంటారా?’ వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయాలి. తియ్యమన్నా గిరాకీకి అడ్డం నిలబడకూడదు.

ఈ వారం మూడు నియమాలు పెట్టి, తప్పితే ఆ షాట్‌ను చెరిపేయించండి.

ఒకటి, జూమ్ ముట్టుకోకూడదు. రెండు వేళ్లతో సాగదీస్తే ఫోను ఉన్న బొమ్మనే పెద్దది చేస్తుంది, మసకబారుతుంది. దగ్గర కావాలంటే నడిచి వెళ్లాలి.

రెండు, కెమెరా కదలకూడదు. మనుషులు కదలొచ్చు. ఒక్క చేత్తో ఫోను పట్టుకుని అటూ ఇటూ తిప్పిన షాట్‌ను ఎడిటింగులో ఎక్కడా కోయలేం. చేత్తో తీయాల్సి వస్తే మోచేతులు రెండూ పొట్టకు ఆనించి, గోడకో స్తంభానికో వీపు ఆనించి, ఊపిరి మెల్లగా వదులుతూ తీయాలి.

మూడు, ప్రతి షాటూ పది సెకన్లు. పని మొదలయ్యే ముందు మూడు సెకన్లు, అయిపోయాక మూడు సెకన్లు కెమెరా నడుస్తూనే ఉండాలి. పిల్లలు చర్య ఐపోగానే బటన్ నొక్కేస్తారు, కొందరైతే చర్య మధ్యలోనే నొక్కుతారు. అతకడానికి అంచులు లేని షాట్ అతుకు వేయడానికి గుడ్డ మిగలని చొక్కా లాంటిది.

ఫోన్ అడ్డంగా పట్టుకోవాలని చెప్పక్కర్లేదనుకుంటారు. చెప్పాలి. రోజూ రీల్స్ చూసే చేతికి నిలువుగా పట్టడం అలవాటు. రికార్డు బటన్ నొక్కకముందు చొక్కా అంచుతో కాకుండా శుభ్రమైన నూలు గుడ్డతో లెన్స్ తుడవడం కూడా ఒక అలవాటు చేయండి. దృశ్యమంతా పొగమంచు పట్టినట్టు ఉందంటే పదిసార్లలో తొమ్మిదిసార్లు అది వేలిముద్ర నూనె.

వెలుతురు గురించి అరగంట

వేరే వారం అక్కర్లేదు, మూడో వారంలోనే ఇది చెప్పేయండి. మనిషి వెనక కిటికీ ఉంటే ముఖం నల్లబడుతుంది. ఫోను ఆ వెలుతురునంతా లెక్కేసుకుని మొత్తం బొమ్మను తగ్గిస్తుంది. మనిషిని తిప్పండి, కిటికీ కెమెరా వీపు వైపు గానీ పక్కకు గానీ రావాలి. ముఖం మీద వేలు రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకసూ వెలుతురూ లాక్ అవుతాయి. లాక్ చేయకపోతే తెల్ల చొక్కా వేసుకున్నవాడు వెనక నుంచి నడిచి వెళ్లినప్పుడల్లా దృశ్యం చీకటై మళ్లీ వెలుగుతుంది.

బయట తీస్తే పొద్దున 9 లోపు, సాయంత్రం 4 తర్వాత. మిట్టమధ్యాహ్నం నెత్తి మీది ఎండ కళ్ల కింద గుంటలు పెడుతుంది. ఆ వేళే తీయాల్సి వస్తే వేపచెట్టు నీడ అంచున నిలబెట్టి, ఎండలో పట్టిన థర్మాకోల్ షీటుతో ముఖం మీదికి వెలుగు మళ్లించండి. ఆకుల సందుల్లోంచి ముఖం మీద మచ్చలు మచ్చలుగా ఎండ పడే చోటు మాత్రం వద్దు.

తరగతి గదిలో ట్యూబులైటు కింద తీస్తే తెర మీద పట్టీలు పారుతుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకు 100 సార్లు మినుకుతుంది. ఫోను షట్టరు దానితో కుదరనప్పుడు పట్టీలు వస్తాయి. కెమెరా యాప్‌లో సెట్టింగులు మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లోకి వెళ్లి షట్టరును 1/50 లేదా 1/100 దగ్గర పెడితే పోతాయి. ఆ సదుపాయం లేని ఫోనైతే లైట్లు ఆపి కిటికీ పక్కకు జరగడమే మందు.

నాలుగో వారం: గీత దాటొద్దు

టీవీలో కబడ్డీ చూసే పిల్లలకు ఇది చిటికెలో అర్థమవుతుంది. రైడర్ కుడివైపుకు కూతకెళ్తున్నట్టు ఒక కెమెరాలో కనబడి, తర్వాతి షాట్‌లో ఎడమవైపుకు వెళ్తున్నట్టు కనబడితే ఏ జట్టు వాడో తెలియదు. అందుకే ఆట చూపించే ముఖ్యమైన కెమెరాలన్నీ కోర్టుకు ఒకే పక్కన ఉంటాయి.

ఇద్దరు పిల్లల్ని ఎదురెదురుగా నిలబెట్టి, ఒకరి కాళ్ల నుంచి ఇంకొకరి కాళ్ల దాకా సుద్దతో గీత గీయండి. కెమెరా ఆ గీతకు ఒక పక్కనే తిరగాలి. ముందు సరిగ్గా తీయించి, తర్వాత కావాలనే గీత దాటించి తీయించండి. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే, రెండోదానిలో ఇద్దరూ ఒకే వైపు చూస్తూ మూడో మనిషితో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. చెప్పిన తప్పు మర్చిపోతారు, చేసిన తప్పు గుర్తుంటుంది.

అదే రోజు చర్య మధ్యలో కట్ చేయడం కూడా అభ్యాసం చేయించండి. పంపు హ్యాండిల్ పైకి లేపడం వైడ్‌లో, కిందికి నొక్కడం క్లోజప్‌లో. రెండు షాట్లలోనూ పని మొత్తం మళ్లీ చేయించాలి, కట్ ఎక్కడో ఎడిటింగులో నిర్ణయించుకోవాలి. ఒకే కోణంలో కొంచెం ముందుకు జరిగి తీసిన రెండు షాట్లు పక్కపక్కన పెడితే మనిషి గెంతినట్టు ఉంటుంది. సైజు బాగా మారాలి, లేదా కోణం కనీసం 30 డిగ్రీలు మారాలి.

ఐదో వారం: చెవి

బొమ్మ కాస్త వంకరగా ఉన్నా జనం చూస్తారు. మాట వినబడకపోతే లేచి వెళ్లిపోతారు. అయినా సౌండ్ బాధ్యతను ఎప్పుడూ ఆ జట్టులో ఎవరూ పట్టించుకోని పిల్లకే అంటగడతారు. ఆ పని ఎంత కీలకమో ఈ వారం చూపించాలి.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని రెండు నిమిషాలు గదిలో కళ్లు మూసుకుని కూర్చోమనండి. ఫ్యాను, దూరంగా ఆటో, పక్క క్లాసులో ఎక్కాలు, ట్యూబులైటు చోక్ రొద, అన్నీ రాయించండి. మైకు వీటిని మనలా వడగట్టదు, అన్నిటినీ ఒకే విధంగా లాక్కుంటుంది. మాట రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్లు ఆపాలి, ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉండాలి, మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. కాలర్ మైకును చుడీదార్ చున్నీ కింద పెడితే రాపిడి చప్పుడు వస్తుంది, చున్నీ అంచుకు పిన్ను పెట్టి పైన ఉంచండి.

మైకు లేని జట్టు ఇంకో ఫోనును వాయిస్ రికార్డర్ చేసి, నటుడి జేబులో మైకు రంధ్రం పైకి ఉండేలా పెట్టొచ్చు. అప్పుడు షాట్ మొదట్లో పలక ముందు చప్పట్లు కొట్టాలి. వీడియోలో రెండు అరచేతులు తగిలిన ఫ్రేమునూ, ఆడియోలో నిట్టనిలువుగా లేచిన గీతనూ కలిపితే మాటా పెదవీ కుదురుతాయి.

ప్రతి చోటా ఎవరూ కదలకుండా 30 సెకన్ల ఖాళీ చప్పుడు రికార్డు చేయించండి. ఎడిటింగులో రెండు షాట్ల మధ్య వచ్చే గుంతలు పూడ్చేది అదే. పంపు చప్పుడు, నీళ్ల చప్పుడు, సైకిల్ బెల్లు లాంటివి విడిగా, దగ్గరగా తీసుకోవాలి.

ఆరో వారం: కథ

పిల్లల్ని స్వేచ్ఛగా వదిలేస్తే మొదటి కథలు ఎలా ఉంటాయో ముందే చెప్పొచ్చు: తాగుబోతు తండ్రి, యాక్సిడెంటు, ఫెయిలై ఉరేసుకోబోయే అబ్బాయి, చివర్లో మైకు పట్టుకుని సందేశం. ఆ బాధలు అబద్ధమని కాదు, వాటిని రెండు నిమిషాల్లో పట్టే పనితనం ఇంకా రాలేదు. అందుకని గిరి గీయండి: చోటు ఒకటి, మనుషులు ఇద్దరు, వస్తువు ఒకటి, కథాకాలం గంట లోపు. చావులు, కలలు, సినిమా డైలాగులు, వెనక నుంచి కథ చెప్పే గొంతు నిషిద్ధం. ఆ గొంతును ఒప్పుకున్నారంటే పిల్లలు వ్యాసం రాసి దాని మీద బొమ్మలు అతికిస్తారు.

ప్రతి జట్టూ నాలుగు ప్రశ్నలకు నాలుగు వాక్యాల్లో జవాబు రాయాలి. ఎవరు? వాళ్లకు ఏం కావాలి? ఏం అడ్డొచ్చింది? చివరికి ఏం మారింది? పంక్చర్ కథనే తీసుకుంటే: అమ్మాయి పరీక్షకు వెళ్తోంది. గంట కొట్టేలోపు బడిలో ఉండాలి. టైరు పంక్చర్ అయింది, బాగుచేసే తాతకు చూపు సరిగ్గా ఆనడం లేదు, బుడగలు ఎక్కడొస్తున్నాయో పట్టలేకపోతున్నాడు. విసుగ్గా నిలబడ్డ అమ్మాయి చివరికి తొట్టి దగ్గర కూర్చుని తానే వేలు పెట్టి చూపిస్తుంది.

నాలుగో వాక్యం దగ్గర అన్ని జట్లూ ఆగిపోతాయి. ‘తాత బాగుచేశాడు, ఆమె వెళ్లింది’ అని రాస్తే సైకిల్ మారింది, మనిషి మారలేదు. అక్కడే కూర్చుని ఇంకో పీరియడ్ ఖర్చుపెట్టండి. ఇక్కడ మిగిల్చిన గంటకు ఎడిటింగులో ఐదు గంటలు పోతాయి.

ఏడో వారం: గళ్ల కాగితం, చోటు, అనుమతి

ఏ4 కాగితాన్ని మూడుసార్లు మడిస్తే ఎనిమిది గళ్లు. నాలుగు కాగితాలకు 32 గళ్లు, సినిమాకు సరిపడా. ప్రతి గడిలో పుల్లబొమ్మ, కింద షాట్ సైజు, వినబడే చప్పుడు. పంక్చర్ సినిమా మొదలు ఇలా ఉండొచ్చు:

1. వైడ్. రోడ్డు. అమ్మాయి సైకిల్ తోసుకుంటూ ఎడమ నుంచి కుడికి. చప్పుడు: చక్రం టపటప.
2. క్లోజప్. నేలకు అణిగిన టైరు.
3. క్లోజప్. మణికట్టు గడియారం, 8:35.
4. మిడ్. తాత ట్యూబు తొట్టిలో ముంచుతూ కళ్లు చికిలిస్తాడు.
5. క్లోజప్. నీళ్లు. ఏమీ లేదు.
6. క్లోజప్. అమ్మాయి పాదం నేల మీద దరువు వేస్తూ.

కాగితాలను గోడకు అంటించి, వేరే జట్టు చేత గట్టిగా చదివించండి. వాళ్లు తడబడిన గడిలో లోపముంది. ఆ షాట్ మార్చాలి, లేదా ముందు ఇంకోటి చేర్చాలి.

చోటు చూడ్డానికి షూటింగ్ జరగబోయే వేళకే వెళ్లాలి. సాయంత్రం చూసి పొద్దున తీస్తే సూర్యుడు అటు వైపు ఉంటాడు. పక్కన గుడి మైకు, పిండి మర, బస్టాండు ఉన్నాయా అని చెవితో కూడా చూడాలి.

తల్లిదండ్రుల దగ్గర రెండు సంతకాలు విడివిడిగా తీసుకోండి: పిల్లల్ని తీయడానికి ఒకటి, ఆ వీడియో బడి బయట చూపించడానికి ఒకటి. మొదటిదానికి సరేనన్నవాళ్లు రెండోదానికి ఒప్పుకోకపోవచ్చు, అది వాళ్ల హక్కు. 18 ఏళ్లలోపు పిల్లల సమాచారం వాడటానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా అంటోంది. ముఖం వద్దన్న పిల్లలకు కెమెరా, సౌండ్, ఎడిటింగ్ పనులివ్వండి.

ఎనిమిదో వారం: షూటింగ్

ఐదుగురికి ఐదు పనులు: దర్శకత్వం, కెమెరా, సౌండ్, పలక, నటన. రెండో నటుడు పక్క జట్టు నుంచి వస్తాడు. వదిలేస్తే మగపిల్లలు ఫోను లాక్కుంటారు, ఆడపిల్లల చేతికి నోటు పుస్తకం వస్తుంది. కాబట్టి ఆరు షాట్లకోసారి నటుడు తప్ప అందరూ మారాలి. ఈ నియమానికి మినహాయింపు లేదు, ‘సార్, వాడు బాగా తీస్తాడు’ అన్నా సరే.

పలక మీద షాట్ నంబరు, టేక్ నంబరు (ఆ షాట్‌ను ఎన్నోసారి తీస్తున్నారో). పలక పట్టుకున్నవాళ్లే పుస్తకంలో ప్రతి టేక్ పక్కన ఓకే అనో, పనికిరాకపోతే ఎన్జీ (నో గుడ్) అనో రాస్తారు. సంచి ఏ భుజానికి ఉంది, జడ ముందుకా వెనక్కా, గడియారం చూపిస్తున్నది ఎంత అన్నదీ వాళ్లే చూడాలి. సంచి ఒక షాట్‌లో కుడి భుజానికి, ఇంకో షాట్‌లో ఎడమ భుజానికి ఉండటం అన్నిటికన్నా తరచుగా దొరికే తప్పు. షాట్ అవగానే ఒక ఫోటో తీసి ఉంచుకుంటే వాదనలుండవు.

పిలుపు వరస మార్చకూడదు. సైలెన్స్. కెమెరా రోలింగ్. సౌండ్ ఓకే. పలక. మూడు అంకెలు మనసులో లెక్కపెట్టుకున్నాక యాక్షన్. చర్య అయ్యాక మళ్లీ మూడు లెక్కపెట్టి కట్. ‘కట్’ అనే హక్కు దర్శకత్వం చేస్తున్నవాళ్లకే. నటుడు తప్పు చేసి నవ్వేసినా కెమెరా ఆగకూడదు.

కథ వరసలో తీయక్కర్లేదు. ఒక వైపు కెమెరా పెట్టాక ఆ వైపు షాట్లన్నీ అయ్యాకే రెండో వైపుకు వెళ్లాలి. బుడగల షాట్ చివరికి మిగల్చకండి, ట్యూబుకు ముక్క అతికించేశాక బుడగలు రావు. నీళ్లలో ఆకాశం మెరిసి బుడగలు కనబడకపోతే తొట్టి మీదికి నల్ల గుడ్డ అడ్డం పట్టండి.

30 షాట్లు, సగటున రెండున్నర టేకులు, ఒక్కోటి 12 సెకన్లు అనుకుంటే 15 నిమిషాల ఫుటేజీ. నిమిషానికి సుమారు 130 ఎంబీ చొప్పున జట్టుకు 2 జీబీ. ఆ సాయంత్రమే కేబులుతో హార్డ్ డిస్కుకు ఎక్కించి, ఇంకో కంప్యూటర్‌లో రెండో కాపీ పెట్టి, రెండూ తెరిచి చూశాకే ఫోను ఖాళీ చేయాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోతుంది. తప్పనిసరైతే డాక్యుమెంటుగా పంపండి.

తొమ్మిదో వారం: ఎడిటింగ్

కంప్యూటర్ ల్యాబ్ ఉంటే కేడెన్‌లైవ్, షాట్‌కట్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితం. ఫోనులోనైతే కైన్‌మాస్టర్ లాంటివి ఉన్నాయి, ఉచితంగా వాడితే తెర మీద దాని ముద్ర పడుతుంది. ఏది వాడినా ముందు పలక పుస్తకం తెరిచి ఓకే టేకులు మాత్రమే ఒక ఫోల్డరులో వేయించండి.

ఫోన్లు సెకనుకు 30 ఫ్రేములని చెప్పినా వెలుతురును బట్టి ఆ వేగాన్ని మారుస్తుంటాయి. కంప్యూటర్‌లో ఎక్కించాక మాట మెల్లగా పెదవి నుంచి జారిపోతుంటే కారణం అదే. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 30 స్థిర ఫ్రేములకు మార్చి, అప్పుడు ఎడిటింగ్ మొదలుపెట్టండి.

మొదటి పీరియడ్‌లో కథ వరసలో షాట్లు పేర్చడం ఒక్కటే. అది ఆరు నిమిషాల దాకా వస్తుంది. దాన్ని మూగగా చూసి, రెండో పీరియడ్‌లో రెండు నిమిషాలకు తేవాలి. ప్రతి షాటూ తల నుంచి, తోక నుంచి కోయమనండి. మనిషి తలుపు దాకా నడవడం అక్కర్లేదు, చెయ్యి గడియ మీద పడితే చాలు. వాడకూడని వాటి పట్టిక గోడ మీద ఉండాలి: షాట్ మారేచోట గిరగిరా తిరిగే ట్రాన్సిషన్లు, ఫిల్టర్లు, స్లో మోషన్. మొదటి సినిమాకు కట్ ఒక్కటే పనిముట్టు.

పిల్లలకు బాగా నచ్చే కిటుకు ఒకటుంది, దాన్ని మాత్రం ఇవ్వండి. తర్వాతి షాట్ చప్పుడు ముందు షాట్ మీదే ఒక సెకను ముందుగా మొదలెట్టాలి. అమ్మాయి ఆలోచిస్తున్న ముఖం మీద పంపు చప్పుడు వినబడి, ఆ తర్వాత పంపు కనబడితే దృశ్యం దానంతటదే ముందుకు లాగుతుంది.

పదో వారం: చప్పుడు, పేర్లు, ప్రదర్శన

మాటల శబ్దం ఎడిటింగ్ యాప్ సౌండ్ మీటరులో మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగాలి, సున్నాను తాకితే పగులుతుంది. సంగీతం మైనస్ 20 ప్రాంతంలో. సినిమా పాట వేయకూడదు, యూట్యూబ్‌లో పెట్టగానే హక్కుదారుల క్లెయిమ్ వస్తుంది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో వాడుకోదగ్గవి ఉన్నాయి. ఇంకా బాగుండేది, పాటలు వచ్చిన పిల్ల చేత హమ్మింగ్ చేయించడం.

టైటిల్స్‌లో తెలుగు విరిగిపోతుంది. కొన్ని యాప్‌లలో వత్తులు పక్కకు జారతాయి. ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘అర్థం’ అని మూడు మాటలు టైపు చేసి చూడండి, తేడా వస్తే రామభద్ర, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లతో ఫోటోలా తయారుచేసి దాన్ని టైమ్‌లైన్ మీద వేయండి. పేరు తెర మీద రెండుసార్లు నిదానంగా చదువుకునేంతసేపు ఉండాలి. అచ్చుతప్పులు తెలుగు టీచరు చూశాకే ఎక్స్‌పోర్ట్: ఎంపీ4, హెచ్.264, 1080పి, 8 ఎంబీపీఎస్. రెండు నిమిషాలకు 120 ఎంబీ వస్తుంది, పెన్ డ్రైవ్‌లో తరగతి ప్యానెల్ మీద ఆడుతుంది.

ప్రదర్శనలో ప్రతి సినిమానూ ముందు సౌండ్ ఆపేసి వేయండి. తీసినవాళ్లు నోరు మెదపకూడదు. చూసినవాళ్లు ఏం జరిగిందో చెప్పాలి. 20 మార్కులు వేసేట్టయితే అందులో 8 దీనికే పెట్టండి, 4 శబ్దానికి, 4 కట్‌కు, 4 పలక పుస్తకానికి. నటనకు మార్కులు వద్దు. తర్వాత సౌండ్‌తో వేయండి. జట్టులో ఒకరు తెర వైపు వీపు పెట్టి జనం ముఖాలు చూస్తూ, ఎవరెప్పుడు పక్కకు తిరిగారో సమయంతో సహా రాసుకోవాలి. 0:48 దగ్గర నలుగురు తల తిప్పితే 0:40 నుంచి కోయాల్సింది ఏదో ఉంది. ఆ చీటీతో ప్రతి జట్టుకూ ఇంకో పీరియడ్ ఇచ్చి మళ్లీ కోయించండి.

సినిమాలో పనిచేసిన తాత బడికి రాలేకపోతే జట్టే ఫోను పట్టుకుని దుకాణానికి వెళ్లి చూపించాలి. ఇక హార్డ్ డిస్కులో ఓకే టేకులతో పాటు ఎన్జీలనూ ఉంచేయండి, అందులో ఉన్నవాళ్ల ఇళ్ల నుంచి దానికీ అనుమతి ఉంటేనే. వచ్చే ఏడాది కొత్త పిల్లలకు మొదటి ఎడిటింగ్ పాఠం ఆ ఫుటేజీతో మొదలుపెట్టొచ్చు. ఒకే ముడిసరుకుతో ఎనిమిది జట్లూ కోసినప్పుడు ఎనిమిది వేరే కథలు వస్తాయి.